గొంతులు ఆగిపోయాయి, పుస్తకం మాత్రం ఎక్కడం లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. నేను పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా తమ్ముడికి 21 ఏళ్లు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా ఒకరోజు, గది తలుపు తియ్యడం లేదని హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. పక్క గదివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లోంచి తనని చూస్తున్నారని, ఎవరో చెవిలో తిడుతున్నారని అన్నాడు. గాలి సోకిందని నాయనమ్మ తాయెత్తు కట్టించింది. రెండు నెలలు అలా పోయాక సైకియాట్రిస్టుకి చూపించాం. ఇది సైకోసిస్, మొదటిసారి వచ్చింది అన్నారు. మందులు వాడగా రెండు నెలలకి గొంతులు ఆగిపోయాయి, భయం పోయింది. గండం గడిచిందనుకున్నాం.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. పుస్తకం పట్టుకుంటే అరగంట ఒకే పేజీ చూస్తాడు. కిరాణా కొట్టుకి పంపితే మూడు వస్తువుల్లో ఒకటి మర్చిపోతాడు. నలుగురం మాట్లాడుకుంటుంటే మధ్యలో దారి తప్పినట్టు చూస్తాడు. కానీ పదో తరగతి పద్యాలు గడగడా చెప్తాడు. "పద్యాలు గుర్తుంటాయి, చదువు మాత్రం గుర్తుండదా? ఒట్టి బద్ధకం" అంటారు నాన్న. ఉన్న ఏడు సప్లీలూ ఈసారే రాయించాలంటున్నారు. మందుల వల్లే మొద్దుబారాడు, ఆపేయండి అంటాడు బాబాయ్. బుర్రకి పదును పెట్టే యాప్ ఉంది, 35 వేలు కట్టమని ఒకరు వెంటపడుతున్నారు. వాడి తెలివి మళ్లీ వస్తుందా? అడగడానికే ఎలాగో ఉంది కానీ నాకు ఐదేళ్ల బాబున్నాడు, వాడికీ వస్తుందా? మీ జవాబు తమ్ముడికి చూపించొచ్చా?
ఒక అక్క

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం పద్యాల గురించి రాసింది. మీ నాన్నగారు దాన్ని బద్ధకానికి రుజువుగా చూపిస్తున్నారు. నాకు మాత్రం అది బద్ధకం కాదనడానికి రుజువు. ఈ జబ్బులో ఎప్పుడో పోగుచేసుకున్న సరుకు, అంటే పద్యాలు, మాటల సంపద, లోకజ్ఞానం, చాలావరకు అలాగే ఉంటుంది. దెబ్బ తగిలేది కొత్త సరుకు లోపలికి వెళ్లే దారికి. విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం, చూసినదాన్ని చకచకా పోల్చుకోవడం, నలుగురి మాటల మధ్య ఒకరి మాట వెంట పోవడం, ఇవి కష్టమవుతాయి. బద్ధకం ఉన్నవాడు అసలు కొట్టుకే వెళ్లడు. మీవాడు వెళ్లాడు, రెండు తెచ్చాడు. మూడోది ఏమిటా అని కొట్టు ముందు కాసేపు నిలబడి ఉంటాడు కూడా. ఆ నిలబడటం ఎంత నరకమో నా దగ్గరికొచ్చిన పిల్లలు చెప్పగా విన్నాను.

డాక్టర్లు దీన్ని కాగ్నిషన్ అంటారు. మనం ఇంట్లో బుర్ర అంటాం, నేనూ ఇక్కడ అదే అంటాను.

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీలాంటి వాళ్లొస్తే "గొంతులు పోయాయి కదమ్మా, సంతోషించండి" అని చెప్పి పంపేదాన్ని. గొంతులు, అనుమానాలు గోల చేస్తాయి కాబట్టి ఇల్లంతటికీ, వీధంతటికీ తెలుస్తాయి. బుర్ర మందగించడానికి నోరు లేదు. వెనకటి డాక్టర్లు దీన్ని చూడకపోలేదు. 1890ల్లో క్రెపెలిన్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బుల్లో ఒకదానికి 'డిమెన్షియా ప్రీకాక్స్' అని పేరు పెట్టాడు. లేత వయసులోనే వచ్చే మతిక్షయం అని దాని అర్థం. పేరు తప్పు. ముసలితనపు మతిమరుపులా ఇది ఏటేటా మనిషిని తినేయదు. కానీ బుర్ర మీద దెబ్బ పడుతోందని గమనించడంలో ఆయన పొరబడలేదు. 1950ల్లో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు వచ్చి గొంతుల్ని అణచగలిగాక, అణగకుండా మిగిలిన దాని మీద చాలాకాలం ఎవరి దృష్టీ పెద్దగా పోలేదు. 1996లో లాస్ ఏంజెలెస్‌లో మైకేల్ గ్రీన్ అనే మనస్తత్వవేత్త అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. మనిషి మళ్లీ పనిలో కుదురుకోవడం, నలుగురిలో మసలడం గొంతులు ఎంత బిగ్గరగా ఉన్నాయన్న దానికంటే జ్ఞాపకం, ఏకాగ్రత ఎలా ఉన్నాయన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతున్నాయని తేల్చాడు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే. జబ్బు తగ్గినా బతుకు కదలడం లేదు.

ఎంత దెబ్బ అంటారా? మాకో చిన్న పరీక్ష ఉంది. కాగితం పైన 1 నుంచి 9 దాకా అంకెలు, ఒక్కోదాని కింద ఒక్కో గుర్తు ఉంటాయి. కింద అంకెలు మాత్రమే వరసగా ఉంటాయి. ఒకటిన్నర నిమిషంలో ఎన్నిటికి గుర్తు వేయగలిగితే అన్ని. తెలివితో పెద్దగా పనిలేదు, కావలసింది వేగం. ఇంత సులువైన పరీక్షే ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువ తడబాటు చూపిస్తుంది. మొత్తం పరీక్షలన్నీ కలిపి సగటు చెప్పాలంటే, వందమంది ఈడు పిల్లల్ని వరసలో నిలబెడితే నడిమధ్య ఉండాల్సిన కుర్రాడు వెనకనుంచి పదహారో వాడి పక్కకి వెళ్తాడు. ఇది సగటు మాత్రమే. పరీక్షల్లో మామూలుగానే నిలిచేవాళ్లు పావువంతు దాకా ఉంటారు. ఇంకో మాట. ఈ లెక్కలు ఎక్కువగా స్కిజోఫ్రీనియా (సైకోసిస్ ఎక్కువకాలం ఉండిపోయే జబ్బు) కోవకు చెందిన జబ్బుల మీద వచ్చినవి. మీ డాక్టర్ 'మొదటిసారి వచ్చిన సైకోసిస్' అనే చెప్పారు. అది ఏ దారి పడుతుందో తేలడానికి సమయం పడుతుంది. కొందరికి మళ్లీ రానే రాదు. అందుకని ఇంటర్నెట్‌లో పెద్ద పేరు వెతుక్కుని ఇప్పుడే బెంగపడకండి.

మీ ఉత్తరంలో రాయని ప్రశ్న కూడా ఒకటి నాకు వినిపించింది. హాస్టల్లో వేశాం కాబట్టి ఇలా అయిందా, ఫోన్ ఎక్కువ చూడనిచ్చామా అని. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ అనే ఊళ్లో 1972, 73లో పుట్టిన 1037 మంది పిల్లల్ని పసితనం నుంచీ వదలకుండా పరీక్షిస్తూ వచ్చారు. 7, 9, 11, 13 ఏళ్లప్పుడు వాళ్ల బుర్ర ఎలా పనిచేస్తోందో రాసిపెట్టుకున్నారు. పెద్దయ్యాక అందులో కొందరికి స్కిజోఫ్రీనియా వచ్చింది. పాత కాగితాలు తీసి చూస్తే, ఆ పిల్లలు మాటలతో చేసే ఆలోచనలో ఏడేళ్లకే సాటివాళ్లకంటే కాస్త వెనక ఉన్నారు. వేగం, తాత్కాలిక జ్ఞాపకం విషయంలో మాత్రం కథ వేరు. వాళ్లూ ఎదుగుతున్నారు, కానీ తోటివాళ్లకంటే నెమ్మదిగా. ఏటేటా ఎడం పెరిగింది. 2010లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మనం హాస్టల్ గదిలో మొదలైందనుకున్నది పదేళ్ల ముందే చాపకింద నీరులా పాకుతూ ఉండొచ్చు. అందుకని అలా వెనకబడిన ప్రతి పిల్లవాడికీ జబ్బొస్తుందని కాదు, చాలామందికి రాదు. మీ తమ్ముడికి మంచి మార్కులే వచ్చేవేమో కూడా, అదీ మామూలే. నేను చెప్పేది ఒక్కటే. హాస్టలూ ఫోనూ మీద వేసుకున్న నేరం దించేసుకోండి.

ఆ రెండు నెలల తాయెత్తు సంగతీ అంతే. అమెరికాలో రెయిజ్ అని ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 21 రాష్ట్రాల్లో 34 క్లినిక్‌లు, సైకోసిస్ మొదటి విడతలో ఉన్న 404 మంది. అక్కడ జబ్బు బయటపడ్డాక సరైన వైద్యం అందేసరికి మామూలుగా పట్టిన కాలం 74 వారాలు. ఏడాదిన్నర దగ్గర దగ్గర! ఆలస్యం తక్కువైన వాళ్లకి వైద్యం ఎక్కువ అక్కరకొచ్చిందని అందులోనే తేలింది. మీరు రెండు నెలల్లో తీసుకెళ్లారు. తాయెత్తుని ఉండనివ్వండి, మందు బిళ్లతో దానికి గొడవేం లేదు. నాయనమ్మగారి మనసు కుదుటపడితే ఆవిడే టైముకి మాత్ర గుర్తుచేస్తారు.

ఇక మందుల గురించి. మీ బాబాయ్ మాటలో ఇసుమంత నిజం ఉంది, అదే ప్రమాదం. బుర్ర మందగించడానికి మూలం మందులు కావు. డ్యునెడిన్ పిల్లలు మాత్ర అనేది ఎరగని వయసులోనే వెనకబడ్డారు. మందు ఇంకా మొదలుపెట్టని రోగుల్లోనూ ఇదే కనిపిస్తుంది. మొదటి విడత తగ్గినవాళ్లని అయిదేళ్లు గమనించి న్యూయార్క్‌లో 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. మందు ఆపినవాళ్లకి తిరగబెట్టే ప్రమాదం వాడుతున్నవాళ్లకంటే దాదాపు అయిదు రెట్లు. తిరగబెడితే చదువు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. కాబట్టి ఎవరు చెప్పినా సొంతంగా ఆపకండి.

అయితే ఏ మందు, ఎంత, ఎప్పుడు అన్నది డాక్టర్‌ని అడగడానికి మీకు పూర్తి హక్కుంది. ముందుగా చీటీలో ట్రైహెక్సిఫెనిడిల్ ఉందేమో చూడండి. మన దగ్గర పాసిటేన్ అనే పేరుతో అందరికీ తెలుసు. చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం తగ్గడానికి ఇస్తారు. ఆ కోవ మందులు జ్ఞాపకశక్తిని తగ్గిస్తాయని గట్టి ఆధారాలున్నాయి. వణుకు తగ్గిపోయాక కూడా అలవాటు కొద్దీ చీటీ మీద చీటీ రాసుకుంటూ పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. "ఇది ఇంకా అవసరమా, మెల్లగా తగ్గించొచ్చా?" అని అడగండి. రాత్రి వేసిన మాత్ర మత్తు మర్నాడు పదింటిదాకా ఉంటుంటే అదీ చెప్పండి. వేళ మార్చడమో, మోతాదు సవరించడమో, వేరే మందుకి మార్చడమో ఆయన చూసుకుంటారు. తమ్ముడు దిగులుగా ఉంటున్నాడా అన్నది విడిగా అడగండి. దిగులు కూడా బుర్రని అచ్చంగా ఇలాగే పట్టేస్తుంది, కానీ దానికి వైద్యం వేరు. థైరాయిడ్, బి12 పరీక్షలు ఒకసారి చేయిస్తే ఆ అనుమానమూ తీరిపోతుంది.

బుర్రకే నేరుగా మందు ఉందా అంటే, ఇవాళ్టికి లేదు. ఐక్లెపెర్టిన్ అనే దాని మీద లోకమంతా ఆశ పెట్టుకుంది. మూడు పెద్ద ప్రయోగాలు చేశారు. అది పనిచేయలేదని 2025 జనవరిలో ఆ కంపెనీయే ప్రకటించింది. అన్ని కోట్లు పోసి వెతికినవాళ్లకే దొరకనిది, పరీక్షల సీజన్‌లో మందుల షాపు అద్దం మీద బొమ్మేసి అమ్మే జ్ఞాపకశక్తి టానిక్కులో ఉంటుందని మాత్రం నమ్మకండి.

35 వేల యాప్? కట్టకండి. ఇలాంటి శిక్షణే దండగ అని నేననను. కాగ్నిటివ్ రెమిడియేషన్ అని నిజంగానే ఒక చికిత్స ఉంది. 2021లో ఇటలీకి చెందిన ఆంటోనియో వీటా, ఇంకొందరు కలిసి 130 ప్రయోగాలను, అందులోని 8851 మందిని కలిపి లెక్కవేశారు. బుర్ర పనితీరులో మేలు కనిపించింది, రోజువారీ బతుకులో కూడా. ఆ మేలు పెద్దది కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. మేలు ఎక్కువ ఎక్కడ కనిపించిందన్నది మీకు ముఖ్యం. పక్కన శిక్షణ పొందిన మనిషి కూర్చుని, "ఇప్పుడు నువ్వు దీన్ని ఎలా గుర్తుపెట్టుకున్నావు? అదే ఉపాయం క్లాసులో ఎలా వాడతావు?" అని అడుగుతూ, చదువుతోనో పనితోనో ముడిపెట్టి చేయించిన చోట. ఒంటరిగా ఫోన్‌లో ఆట ఆడితే ఆ ఆటలో ఆరితేరతారు, అంతవరకే. ఎవరైనా యాప్ అంటగట్టబోతే ఒక్కటే అడగండి. పక్కన ఎవరు కూర్చుంటారు?

మన దేశంలో జరిగిన ప్రయోగం ఒకటి చెప్తాను. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో జబ్బు మొదటి విడతలో ఉన్న 45 మందిని తీసుకుని, సగంమందికి మామూలు వైద్యంతో పాటు ఇంటి దగ్గర రెండు నెలలు బుర్రకి కసరత్తు చేయించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. చేసినవాళ్లలో కొన్ని పరీక్షలు మెరుగయ్యాయి. కంప్యూటర్ అక్కర్లేని పద్ధతి, ఇంట్లోవాళ్లే వెనకుండి చేయించేది. నిమ్హాన్స్ శిక్షణలో నాకు భలే ఇష్టమైన పని ఒకటుంది. కలిపేసిన గింజల్ని ఏరి వేరుచేయడం. మన అమ్మమ్మలు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేవారు చూడండి, అదే. చూపు నిలపాలి, పోల్చాలి, చేత్తో తీయాలి, విసుగు పుట్టినా ఆగాలి. ఇప్పుడు సంచి బియ్యంలో రాళ్లే ఉండటం లేదు, ఆ కసరత్తు ఇళ్లలోంచి పోయింది! మీ అమ్మగారు కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు గుప్పెడేసి కలిపి ఇవ్వొచ్చు. మొదట పది నిమిషాలు. ఎంతసేపు పట్టిందో తమ్ముడే రాసుకోవాలి. కానీ ఇది చదువుకి బదులు కాదు, చదువుకి కూర్చోబోయే ముందు చేసేది. వీలైతే ఒకసారి క్లినికల్ సైకాలజిస్టుతో పూర్తి పరీక్షలు చేయించండి. మీరున్న చోట ఎర్రగడ్డ ఉంది, ఊరివైపు నుంచి విశాఖ మానసిక వైద్యశాల ఉంది. వేగం తగ్గిందా, విన్నది నిలవడం లేదా, చూసింది నిలవడం లేదా అన్నది తెలిస్తే ఉపాయం దానికి తగ్గట్టు ఉంటుంది. విన్నది నిలవనివాడికి "విని నేర్చుకో" అని రికార్డింగులిస్తే ఏం లాభం?

ఇప్పుడు నాన్నగారు. ఆయనకి నా పరిశోధనలు చెప్పకండి, చెరువు గురించి అడగండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు రొయ్య మేత ముట్టదు. అప్పుడు "రొయ్యకి బద్ధకం" అని ఆయన ఇంకో బస్తా మేత వేస్తారా? వేస్తే ఆ మేత అడుగున కుళ్లి చెరువే పోతుంది. ఏరేటర్లు తిప్పుతారు, మేత తగ్గిస్తారు, చెక్ ట్రేలో ఎంత తిన్నదో చూసుకుంటూ మళ్లీ పెంచుకుంటూ పోతారు. ఏడు సప్లీలు ఒకేసారి రాయించడమంటే మేత తినని చెరువులో ఏడు బస్తాలు గుమ్మరించడం. ఈ మాట ఆయనకి నాకంటే బాగా అర్థమవుతుంది.

కాబట్టి ఈసారికి రెండు. వాటిలో ఒకటి తమ్ముడికి ఎప్పుడూ ఇష్టమైనది, లెక్కలో ప్రోగ్రామింగో, ఉండేలా చూడండి. మిగతా అయిదూ తర్వాత. అలాగని "పూర్తిగా బాగయ్యాకే కాలేజీ" అని ఇంట్లో కూర్చోబెట్టడం కూడా తప్పే, పైగా అది ఇంకా పెద్ద తప్పు అనుకుంటాను. మెల్‌బోర్న్‌లో, అమెరికాలో ఇలాంటి పిల్లల కోసం పనిచేసే జట్లు వెనకటి పద్ధతిని తిరగేశాయి. ముందు బాగుచేసి తర్వాత పంపడం మానేసి, కావలసిన చదువులోనో ఉద్యోగంలోనో ముందు చేర్చేసి, ఆ వెనకే ఒక మనిషి ఉండి ఎక్కడ తడబడితే అక్కడ ఆదుకుంటారు. నేను చెప్పిన రెయిజ్‌లో మందులు, కుటుంబానికి చెప్పే పాఠాలతో పాటు ఇదీ ఒక భాగం. అలా ఆదుకున్న చోట చదువులో, పనిలో నిలబడ్డవాళ్లు మామూలు వైద్యం అందిన చోటికంటే ఎక్కువ. మన దగ్గర అలాంటి జట్టు దొరకడం కష్టం. ఆ మనిషి మీరే కావాలి, లేదా తమ్ముడి స్నేహితుల్లో నమ్మకమైన ఒక్కడు.

కాలేజీలో ప్రిన్సిపాల్‌ని కాకుండా ముందు ఒక మంచి లెక్చరర్‌ని పట్టుకోండి. జబ్బు పేరు చెప్పాల్సిన పనిలేదు. "ఆరోగ్యం బాగాలేక చికిత్సలో ఉన్నాడు, సర్టిఫికెట్ ఉంది" అంటే చాలు. హాజరు తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ మీద కండొనేషన్, అంటే ఆ లోటుకి మన్నింపు, అడగొచ్చు, కానీ దానికీ ఒక హద్దుంది. మీ యూనివర్సిటీ రూలు ముందే కనుక్కోండి. మానసిక అనారోగ్యం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. 40 శాతం, ఆపైన అని ధ్రువీకరణ వస్తే పరీక్షలో అదనపు సమయం లాంటివి అడిగే వీలుంటుంది. ఎనిమిది నెలలకే ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలా అన్నది తమ్ముడు తేల్చుకోవాలి, మీరు కాదు.

ఇంట్లో చేయాల్సినవి చిన్నవే. ఒకసారికి ఒక్క పనే చెప్పండి, ముఖం చూసి చెప్పండి, టీవీ ఆపి చెప్పండి. కొట్టుకి పంపితే చీటీ రాయించండి. మీరు రాసివ్వకండి, వాడి చేతే రాయించండి. రాసే చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. తాళాలు, పర్సు, మాత్రల డబ్బా ఎప్పుడూ ఒకే చోట. చదువు ఇరవై నిమిషాలు, అలారం, లేచి నీళ్లు తాగి రావడం, మళ్లీ ఇరవై. చదివాక పుస్తకం మూసి మీకో అమ్మగారికో రెండు ముక్కలు చెప్పాలి. నలుగురు కూర్చున్నప్పుడు మాట దాటిపోతే, "ఇప్పుడు ఫలానాదాని గురించి అనుకుంటున్నాం రా" అని ఎవరో ఒకరు మామూలుగా అందించాలి, జాలిగా కాదు. రోజూ ఒగర్పొచ్చేలా చెరువు గట్టు మీద అరగంట నడక. వ్యాయామం వల్ల ఇలాంటి జబ్బుల్లో బుర్ర పనితీరు మెరుగైందని 2017లో పది ప్రయోగాలు కలిపి చూసినవాళ్లు చెప్పారు. అది పైసా ఖర్చులేని ఏరేటర్.

గంజాయి సంగతి కూడా ఒకసారి కనుక్కోండి. నిలదీసి కాదు. ఇప్పుడది దొరకని హాస్టళ్లు తక్కువ. యూరప్‌లో, బ్రెజిల్‌లో కలిపి చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజూ వాడేవాళ్లకి సైకోసిస్ వచ్చే అవకాశం అసలు ముట్టనివాళ్లకంటే మూడు రెట్లు కనిపించింది. ఘాటైన రకం రోజూ వాడితే అయిదు రెట్ల దాకా. ఒకసారి జబ్బు పడ్డవాడికి అది అక్షరాలా విషం. ఈ మాట చెప్పేటప్పుడు పోలీసులా కాకుండా అక్కలా చెప్పండి.

'బద్ధకం' అనే మాట మాత్రం ఇంట్లో వినిపించకూడదు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. అస్తమానం ఈసడింపు, సాధింపు ఉన్న ఇళ్లలో ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన వెనక వచ్చినవాళ్లు దశాబ్దాల పాటు చూపించారు. అదే కొలబద్ద పెట్టి 1980ల్లో చండీగఢ్‌లో కొలిస్తే, మన కుటుంబాల్లో ఆ సాధింపు లండన్ ఇళ్లలో కంటే బాగా తక్కువగా తేలింది. చెన్నైలో మానసిక వైద్యురాలు శారదా మీనన్ గారు స్కిజోఫ్రీనియా రోగుల కోసం 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ, కెనడాలోని మాంట్రియల్ డాక్టర్లు కలిసి మరో పోలిక చేశారు. రెండు చోట్లా ఒకే రకం చికిత్స, రెండేళ్ల పాటు. గొంతులు, అనుమానాలు తగ్గడంలో తేడా లేదు. కానీ ముభావం, ఆసక్తి చచ్చిపోవడం, నలుగురికీ దూరంగా ఉండిపోవడం లాంటివి చెన్నై పిల్లల్లో ఎక్కువగా తగ్గాయి. అక్కడ ఆస్పత్రికి రోగి వెంట ఇంటిల్లిపాదీ వచ్చేవారు, వస్తూనే ఉండేవారు. మొత్తం కారణం ఇదేనని పరిశోధకులు తీర్పు చెప్పలేదు కానీ, నా అనుభవం మాత్రం అటే మొగ్గుతుంది. మీ నాన్నగారి కోపం వెనకున్నది భయం. ఆయన్ని ఈసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. కుర్చీలో కూర్చుని స్వయంగా వింటే సగం చల్లబడతారు.

తెలివి తిరిగి వస్తుందా అని అడిగారు. మొదటి ఏడాదిలో కొంత మెరుగవుతుంది. ఆ తర్వాత చాలామందిలో దాదాపు అక్కడే నిలుస్తుంది. జబ్బు మొదలయ్యాక బుర్ర అలా అరుగుతూ పోతుందా అని బోరా, ముర్రే అనే ఇద్దరు పరిశోధకులు 2014లో అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అలా పోతుందనడానికి ఆధారం దొరకలేదు. ఎంసెట్ రాసిననాటి వేగం మళ్లీ వస్తుందని నేను మాట ఇవ్వలేను. నెమ్మదిగా చదివి డిగ్రీ చేతికి తెచ్చుకున్నవాళ్లని, నాలుగేళ్ల కోర్సు ఆరేళ్లలో ముగించి ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లని చూశాను. వేరే దారి పట్టి సుఖంగా ఉన్నవాళ్లనీ చూశాను. నిన్నటి తమ్ముడితో ఇవాళ్టి తమ్ముణ్ని పోల్చకండి. పోయిన నెల తమ్ముడితో పోల్చండి.

ఒకటి మాత్రం ఆలస్యం చేయొద్దు. తెలివైన కుర్రాళ్లు, తాము ఏం పోగొట్టుకున్నామో స్పష్టంగా తెలిసినవాళ్లు, జబ్బు తగ్గిన ఈ మొదటి ఏళ్లలోనే ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం ఎక్కువ. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. అవునంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వాణ్ని ఒంటరిగా వదలకండి, చెరువు మందులు, పురుగుమందులు తాళం వేసి ఉంచండి. వేళకాని వేళైతే ప్రభుత్వ మానసిక సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. నిద్ర తగ్గడం, ఎవరో చూస్తున్నారనడం, గదిలోంచి రాకపోవడం మళ్లీ మొదలైతే రెండు నెలలు కాదు, రెండు రోజులు కూడా ఆగకండి.

మీ బాబు గురించి అడగడంలో సిగ్గేముందమ్మా? మామూలుగా ఎవరికైనా స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం నూటికి ఒకటి. మేనమామకి ఉంటే మేనల్లుడికి నూటికి నాలుగు దాకా అని పాత కుటుంబ అధ్యయనాల లెక్క. అంటే నూటికి 96 మందికి రాదు. పైగా మీ తమ్ముడిది అదే జబ్బని ఇంకా తేలలేదు. బాబుని బాబులాగే పెరగనివ్వండి. మేనమామ దగ్గరికి పంపడం మాత్రం మానకండి. అయిదేళ్లవాడికి కథ చెప్పడం కంటే మంచి బుర్ర కసరత్తు నాకు తెలీదు, వాడు మధ్యలో వంద ప్రశ్నలేసి కథ దారి మళ్లిస్తాడు కదా.

ఈ జవాబు తమ్ముడికి తప్పకుండా చూపించండి. ప్రాణం గురించి రాసిన పేరాతో సహా. ఇది చాలా పొడుగైంది, ఒక్క కూర్చోవడంలో చదవమనకండి, రోజుకి రెండు మూడు పేరాలు చాలు. చేతికి పెన్సిల్ ఇవ్వండి. తన విషయంలో నిజం కాదనిపించిన వాక్యాలు కొట్టేయమనండి, నేను వదిలేసిందేదైనా ఉంటే పక్కన రాయమనండి. ఆ కాగితాలు నాకు పంపండి.